అంగళ్ళ కథ – 6: తన గిరాకీని తానే ఊరు దాటించిన హడ్సన్స్

1888లో అమెరికాలో కొందరు టోకు వర్తకులకి డెట్రాయిట్ నుంచి ఊహించని సొమ్ము చేతికందింది. ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట నీళ్ళొదులుకున్న బాకీ అది. పంపినవాడి పేరు జోసెఫ్ లోథియన్ హడ్సన్. 1876లో ఐ.పి. పెట్టి, అప్పులవాళ్ళకి డాలరుకి 60 సెంట్ల చొప్పున సర్ది, చట్టం దృష్టిలో రుణవిముక్తుడైన మనిషి. మిగిలిన 40 సెంట్ల సంగతి ఎవరూ అడగలేదు. అడిగే హక్కు కూడా వాళ్ళకి మిగల్లేదు. ఎవరికెంత ఎగ్గొట్టాల్సి వచ్చిందో ఆయనే లెక్కతీసి, చక్రవడ్డీ వేసి మరీ కట్టాడు.

నిజాయితీపరుడే, సందేహం లేదు. ఆ నిజాయితీలో వ్యాపారి చూపు కూడా ఉందని నాకనిపిస్తుంది. చిల్లర వర్తకం అరువు సరుకు మీద నడుస్తుంది. దివాలా తీసినవాడు పన్నెండేళ్ళ తర్వాత వడ్డీతో కట్టాడన్న కబురు బజారులో ఎంత దూరం పోతుందో ఆయనకి తెలియకుండా ఉండదు. ఆ తర్వాత హడ్సన్‌కి సరుకు అరువివ్వనని ఏ టోకు వర్తకుడు అంటాడు?

పోయిన భాగంలో పారిస్‌లో అరిస్టీడ్ బూసికో 'బాన్ మార్షే'ని ఎలా నిలబెట్టాడో చూశాం. బేరం లేకుండా చీటీ మీద ధర, నచ్చకపోతే వాపసు, కొనకపోయినా లోపలికొచ్చి చూసిపోయే స్వేచ్ఛ. ఆ పద్ధతులు అట్లాంటిక్ దాటి అమెరికా ఊరూరా పాకాయి. న్యూయార్క్‌కి మేసీస్, షికాగోకి మార్షల్ ఫీల్డ్స్, ఫిలడెల్ఫియాకి వానమేకర్స్ ఎలాగో మిషిగన్ రాష్ట్రానికి హడ్సన్స్ అలాగ. మొదటి మూడింటి గురించి రాసినవాళ్ళు చాలామంది. నేను ఈ భాగానికి నాలుగోదాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఓ పెద్ద అంగడి ఎలా పెరిగి ఎలా పోయిందో ఇంత విడమరిచి చూపించే కథ ఇంకోటి నాకు దొరకలేదు.

హడ్సన్ 1846లో ఇంగ్లండులో న్యూకాజిల్ అపాన్ టైన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం కెనడాకి, అక్కడినుంచి మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌కి వలస వచ్చింది. క్రిస్టఫర్ మేబ్లీ అనే బట్టల వర్తకుడి దగ్గర పని నేర్చుకుని, తండ్రితో కలిసి అయోనియా అనే చిన్న ఊళ్ళో సొంతంగా కొట్టు పెట్టాడు. 1873లో దేశమంతా బ్యాంకులు కూలి డబ్బు బిగుసుకుపోయింది. తండ్రి కూడా ఆ ఏడే పోయాడు. మూడేళ్ళు ఈదులాడి చివరికి ఐ.పి. పెట్టాడు. పాత యజమాని మేబ్లీయే మళ్ళీ పిలిచి డెట్రాయిట్ కొట్టు అప్పజెప్పాడు. కొన్నాళ్ళకి ఇద్దరికీ పొసగలేదు. 1881లో డెట్రాయిట్ ఒపేరా హౌస్ కింది అంతస్తులో మగవాళ్ళ, మగపిల్లల బట్టలతో హడ్సన్ తన కొట్టు తెరిచాడు. పదేళ్ళకల్లా, 1891లో, దగ్గర్లోనే ఎనిమిది అంతస్తుల భవనం కట్టాడు.

డెట్రాయిట్ అప్పటికింకా కార్ల ఊరు కాదు. ఇనప పొయ్యిలు, రైలు పెట్టెలు, చుట్టలు, మందులు తయారయ్యే ఊరు. 1880లో జనాభా 1.16 లక్షలు. 1930 నాటికి అది 15.68 లక్షలైంది. అంటే యాభై ఏళ్ళలో పదమూడు రెట్లు. ఇలాంటి ఊళ్ళో అంగడి పెట్టినవాడు చేతకానివాడైతే తప్ప మునగడు. హడ్సన్ చేతకానివాడు కాదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. తోబుట్టువుల పిల్లలే సంసారం. ఈ చుట్టరికాలు కాస్త ఓపిగ్గా చూడాలి, కథలో వీటికి పని ఉంది. 1909లో, ఓ బంధువు అల్లుడు రాస్కో జాక్సన్, మరికొందరు కలిసి మోటారు కార్ల కంపెనీ పెడతామంటే హడ్సన్ పెట్టుబడి ఇచ్చాడు. దానికి ఆయన పేరే పెట్టారు: హడ్సన్ మోటార్ కార్ కంపెనీ. పాత కార్ల మోజున్నవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆయన ఇంట్లో పెరిగిన ఎలినార్ క్లే 1916లో హెన్రీ ఫోర్డ్ ఒక్కగానొక్క కొడుకు ఎడ్సెల్‌ని పెళ్ళాడింది. అంగడి పెట్టెలోకీ, కార్ల ఫ్యాక్టరీ గల్లాలోకీ అలా ఒకే ఇంటి నుంచి దారి ఏర్పడింది. ఆ పెళ్ళి చూడటానికి హడ్సన్ లేడు. 1912లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు అక్కడే పోయాడు. వ్యాపారం నలుగురు మేనల్లుళ్ళ చేతికొచ్చింది. వెబర్ అన్నదమ్ములు. తర్వాతి నలభై ఏళ్ళ వైభవం అంతా వాళ్ళ కాలంలోనిదే.

ఊరి పెద్దరోడ్డు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1911లో మొదలైన కొత్త భవనాన్ని విడతలు విడతలుగా 1946 దాకా కట్టుకుంటూ పోయారు. పక్కనే న్యూకంబ్-ఎండికాట్ అనే పోటీ అంగడి ఉండేది. 1927లో దాన్ని కొనేసి, పడగొట్టి, ఆ చోటులోకీ జరిగారు. చివరికి ఒక పూర్తి చదరం, నాలుగు వైపులా నాలుగు వీధులతో, ఒకే అంగడైపోయింది. ఎర్ర ఇటుక గోడలు, 25 అంతస్తుల గోపురం, 400 అడుగుల పైచిలుకు ఎత్తు. అప్పట్లో ప్రపంచంలో అంత ఎత్తైన డిపార్ట్‌మెంట్ స్టోర్ మరోటి లేదు. విస్తీర్ణంలో మాత్రం న్యూయార్క్ మేసీస్ తర్వాతిది. లోపల నేల మొత్తం కొలిస్తే 21 లక్షల చదరపు అడుగులు దాటేది. మన కొలతల్లో చెప్పాలంటే నలభై ఎనిమిది ఎకరాలకి తగ్గదు. విడతలుగా కట్టడం వల్ల ఒక భాగంలోని అంతస్తుకీ పక్క భాగంలోని అంతస్తుకీ ఎత్తు సరిగ్గా కలిసేది కాదని, అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు నాలుగు మెట్లు ఎక్కీ దిగీ అలసిపోయేవారని చెబుతారు. పెద్ద కొట్టుని ముక్కలు ముక్కలుగా కట్టినవాళ్ళందరికీ ఈ తిప్పలు తెలిసినవే.

అందులో సుమారు 200 విభాగాలు. మంచి రోజుల్లో 12,000 మంది పనివాళ్ళు, రోజుకి లక్షమంది దాకా వచ్చిపోయే జనం. ఫోను మీద ఆర్డర్లు తీసుకునే స్విచ్‌బోర్డు దేశంలో పెంటగాన్ తర్వాత అంత పెద్దదని ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. లిఫ్టులు నడిపే అమ్మాయిలు తెల్లని చేతితొడుగులు వేసుకుని, ఒక్కో అంతస్తు రాగానే అక్కడ ఏమేం దొరుకుతాయో రాగయుక్తంగా చదివేవారు. పన్నెండో అంతస్తు బొమ్మల రాజ్యం. క్రిస్మస్ ముందు నెలంతా అక్కడ కాలు పెట్టే చోటుండేది కాదు. పదమూడో అంతస్తులో భోజనశాల. అక్కడ 'మారిస్ సలాడ్' అని ఒకటి పెట్టేవారు. సన్నగా నిలువునా తరిగిన పందిమాంసం, టర్కీ కోడి, చీజ్ ముక్కలు, లెట్యూస్ ఆకులు, కాస్త పులుపు దోసకాయ, పైన తెల్లటి మయొనైజు పులుసు, దానిమీద రెండు ఆలివ్‌లు. అంగడి పోయి నలభై ఏళ్ళు దాటినా డెట్రాయిట్ హోటళ్ళలో, ఇళ్ళల్లో అది చేస్తూనే ఉన్నారు. దుకాణం పేరు కంటే దాని వంటకం ఎక్కువ కాలం బతకడం విచిత్రమే అయినా, అలా జరగడం ఇదే మొదటిసారి కాదు.

సెల్లార్‌లో వేరే అంగడి. అదే పేరు, అదే సంచీ, కానీ ధరలు తక్కువ. పై అంతస్తుల్లో డాక్టరుగారి భార్య బొచ్చు కోటు కొంటుంటే కింద ఫ్యాక్టరీ కూలీ పిల్లలకి బూట్లు కొనేవాడు. 1914లో హెన్రీ ఫోర్డ్ రోజు కూలి అయిదు డాలర్లు చేశాక ఆ ఊళ్ళో కూలీ చేతిలోనూ నాలుగు డబ్బులు ఆడాయి. హడ్సన్స్ ఈ సంగతి ముందే పసిగట్టింది. ఖాతా తెరవడం తేలిక, చిన్న పొట్లమైనా ఇంటికి చేర్చడానికి పచ్చరంగు బండ్లు, ఇక వాపసు సంగతి సరేసరి. ఏళ్ళ తరబడి వాడిన వస్తువులు తెచ్చి కౌంటరు మీద పెట్టినా, మారు మాట్లాడకుండా డబ్బు చేతిలో పెట్టేవారని కథలుగా చెప్పుకుంటారు. సగం అతిశయోక్తి తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. 1888 నాటి చక్రవడ్డీ మనస్తత్వమే ఇది. ఇవాళ పోయిన డాలరు రేపటి గిరాకీకి పెట్టుబడి.

హడ్సన్స్ ఊరికి పండుగలు కూడా చేసిపెట్టేది. 1923 నవంబరులో, యుద్ధ విరమణ దినాన, భవనం ముఖం మీద ప్రపంచంలోకెల్లా పెద్ద అమెరికా జెండా ఆవిష్కరించారు. 1949లో దాన్ని మార్చి ఇంకా పెద్దది కుట్టించారు. 104 అడుగులు, 235 అడుగులు. బరువు 1,500 పౌండ్లు. ఒక్కో నక్షత్రం నిలువెత్తు మనిషంత. ఎగరేయడానికి స్తంభం చాలదు కాబట్టి గోడకే తెరలా వేలాడదీసేవారు. 1976లో ఆఖరుసారి దించి స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. 1924లో థాంక్స్‌గివింగ్ ఊరేగింపు మొదలుపెట్టారు. అలంకరణ విభాగం చూసే చార్ల్స్ వెండెల్ ఆలోచన అది. కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద పెద్ద తలకాయలు తగిలించుకున్న మనుషులు, బండ్ల మీద కథల బొమ్మలు, చివర క్రిస్మస్ తాత. అది సాగి సాగి అంగడి ముందు ఆగేది. పక్కనున్న పిల్లవాడు పన్నెండో అంతస్తుకి తీసుకెళ్ళమని తండ్రి చెయ్యి లాగేవాడు. ఇంతకంటే ఖర్చు తక్కువ ప్రకటన ఇంకోటి లేదు.

ఇంతవరకూ చెప్పింది హడ్సన్స్ జ్ఞాపకాల పుస్తకాల్లో బొమ్మలతో సహా దొరుకుతుంది. ఆ పుస్తకాల్లో పలచగా ఉండే పేజీ ఒకటుంది.

1910లో డెట్రాయిట్‌లో నల్లజాతివాళ్ళు ఆరు వేలకి లోపు. 1950 నాటికి మూడు లక్షలు. దక్షిణాది పత్తి చేల నుంచి ఫ్యాక్టరీ కూలీకోసం వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళు హడ్సన్స్‌లో కొనుక్కోవచ్చు. డబ్బు ఏ చేతిదైనా గల్లాకి ఒకటే. కౌంటరు వెనక నిలబడి అమ్మే ఉద్యోగం మాత్రం 1950ల దాకా వాళ్ళకి దాదాపు అందని పండే. లిఫ్టు నడపడం, సరుకు మొయ్యడం, వంటగది, ఊడ్చడం, తుడవడం, ఇవీ వాళ్ళ పనులు. డెట్రాయిట్‌లో పెద్ద అంగళ్ళన్నిటిలోనూ ఇదే తీరు కాబట్టి హడ్సన్స్‌ని ఒక్కదాన్నే వేలెత్తి చూపలేం. అయితే ఊరందరి అంగడినని చెప్పుకున్నది హడ్సన్సే. 1943 వేసవిలో జరిగిన అల్లర్లలో 34 మంది చనిపోయారు, అందులో 25 మంది నల్లవాళ్ళు. ఊరు రెండుగా ఉందని తెలుసుకోవడానికి 1967 నాటి అల్లర్ల దాకా ఆగక్కర్లేదు.

వ్యాపారం అప్పుడు మాత్రం ఉచ్చస్థితిలో ఉంది. యుద్ధం అయిపోయింది, ఫ్యాక్టరీలు ట్యాంకులు వదిలి మళ్ళీ కార్లు చేస్తున్నాయి, జనం దగ్గర డబ్బుంది. 1950ల మొదట్లో ఆ ఒక్క భవనంలో ఏడాది అమ్మకం 15 కోట్ల డాలర్లు దాటింది. అదే దాని శిఖరం. ఆ మాట అప్పుడెవరికీ తెలియదు.

ఇక్కడ కథలోకి విక్టర్ గ్రూయెన్ వస్తాడు. వియన్నా యూదుడు, వాస్తుశిల్పి. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలో అడుగుపెట్టాక అమెరికా పారిపోయి వచ్చాడు. 1948లో వాతావరణం బాగోక విమానం కదలకపోతే డెట్రాయిట్‌లో ఇరుక్కుపోయాడని, ఊరికే తిరుగుతూ హడ్సన్స్ చూశాడని, తర్వాత ఊరి చుట్టూ కారులో తిరిగితే కొత్త ఇళ్ళ కాలనీలు కనిపించాయి గానీ సరైన అంగళ్ళు కనపడలేదని ఓ కథ చెబుతారు. అప్పటి అధ్యక్షుడు ఆస్కర్ వెబర్. నగరం నడిబొడ్డున ఉన్న ఒక్క అంగడే మా బలం, కొమ్మలు వెయ్యం అనే పట్టుదల ఉన్న మనిషి. గ్రూయెన్ ఆయన్ని ఒప్పించాడు. ఆ వాదం చాలా తెలివైనది. మీరు వెళ్ళకపోయినా జనం వెళ్తున్నారు. రోడ్డు పక్కన ఎవరెవరో చౌకబారు కొట్లు పెట్టేస్తారు. అదేదో మీరే, పద్ధతిగా, ఊరికి నాలుగు దిక్కులా పెట్టండి.

1954 మార్చి 22న నార్త్‌ల్యాండ్ సెంటర్ తెరిచారు. డెట్రాయిట్ ఉత్తరపు హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. ఆ రోడ్డు దాటగానే, సౌత్‌ఫీల్డ్‌లో. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద షాపింగ్ సెంటర్ మరోటి లేదు. మధ్యలో నాలుగంతస్తుల హడ్సన్స్, చుట్టూ ఇతర దుకాణాలు, వాటి మధ్య పూలమొక్కల చావిళ్ళు, శిల్పాలు, ఆ చుట్టూ వేల కార్లు నిలిపే మైదానం. మార్షల్ ఫ్రెడరిక్స్ చెక్కిన పెద్ద ఎలుగుబంటి, దాని మీదెక్కి కూచున్న కుర్రాడు ఆ చావిళ్ళలోనే ఉండేవి. ఎన్ని తరాల పిల్లలు దాని మీద ఎక్కి జారారో! గ్రూయెన్ కట్టాలనుకున్నది వియన్నా కూడలి. మనుషులు నడిచేది, కూచునేది, మాట్లాడుకునేది. అది విజయవంతమైంది, ఊహించినదానికంటే ఎక్కువ. 1957లో తూర్పున ఈస్ట్‌ల్యాండ్, 1965లో పడమట వెస్ట్‌ల్యాండ్ వచ్చాయి.

ఆ తర్వాత మిగతా అమెరికా గ్రూయెన్ చెప్పినదాంట్లో అంగళ్ళూ పార్కింగూ తీసుకుని, కూడలి వదిలేసింది. మలివయసులో ఆయన మాల్ అంటేనే మండిపడేవాడు, వాటికి తాను తండ్రినని ఒప్పుకోనని బహిరంగంగా చెప్పాడు. విసిగి వియన్నా వెళ్ళిపోతే అక్కడా ఊరి వెలుపల పెద్ద మాల్ లేచింది. ఆ పెద్దమనిషి మీద కాస్త జాలేస్తుంది.

డెట్రాయిట్ సంగతికొస్తే, అంగడి శివారుకి వెళ్ళినది జనం కోసమే. కానీ ఏ జనం? కొత్త ఇళ్ళకి అప్పు పుట్టాలంటే ప్రభుత్వ గృహరుణ సంస్థ పూచీ కావాలి. నల్లవాళ్ళు ఉండే వీధులకి ఆ పూచీ దొరకదు. ఫలానా జాతివాళ్ళకి ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతుల్ని అమలు చెయ్యడానికి వీల్లేదంది. అందులో ఒక కేసు డెట్రాయిట్‌దే. షరతు కొట్టేశారు గానీ అలవాటు కొట్టెయ్యలేదు. ఎయిట్ మైల్ రోడ్డు అసలైన గోడైపోయింది. నార్త్‌ల్యాండ్ ఆ గోడకి అవతల వైపు.

అవతలికి వెళ్ళే దారి కూడా శుభ్రంగా వేశారు. లాడ్జ్ ఫ్రీవే ఊరి నడిబొడ్డు నుంచి వాయవ్యంగా నార్త్‌ల్యాండ్ వైపే పోతుంది. దాని తర్వాత క్రైస్లర్ ఫ్రీవే కోసం హేస్టింగ్స్ స్ట్రీట్ తవ్వేశారు. అది నల్లవాళ్ళ బజారు. పచారీ కొట్లు, క్షౌరశాలలు, పాటల క్లబ్బులు, అన్నీ ఉన్న వీధి. అక్కడి కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. 1956 ఏప్రిల్‌లో వుడ్‌వర్డ్ మీద ఆఖరి ట్రామ్ నడిచింది. బండ్లు బాగానే ఉన్నాయి. మెక్సికో సిటీ వాళ్ళు కొనుక్కుని ఇంకెన్నో ఏళ్ళు నడుపుకున్నారు. హడ్సన్స్ గుమ్మం ముందు జనాన్ని దించిపోయే ట్రామ్ పోయాక, కారులో వచ్చినవాడికి అక్కడ పార్కింగు వెతుక్కోవడం, దానికి డబ్బు కట్టడం. నార్త్‌ల్యాండ్‌లో ఆ బెడద లేదు. కార్ల కంపెనీకి పెట్టుబడి ఇచ్చిన ఇంటి అంగడికి కార్లే ఎదురు తిరిగాయి.

డెట్రాయిట్ పాతవాళ్ళని అడిగితే చాలామంది, '67 అల్లర్లు హడ్సన్స్‌ని చంపాయి' అంటారు. 1967 జులైలో అయిదు రోజులు ఊరు తగలబడింది. 43 మంది చనిపోయారు. ఆ భయం నిజమైనదే. ఆ తర్వాత శివారు నుంచి సాయంత్రం పూట డౌన్‌టౌన్‌కి వచ్చేవాళ్ళు తగ్గిన మాటా నిజమే. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మకాల శిఖరం 1950ల మొదట్లో. నార్త్‌ల్యాండ్ 1954. ట్రామ్ ఆగింది 1956. పక్కవీధి పోటీదారు కెర్న్స్ 1959లోనే మూతపడింది. 1950లో 18.5 లక్షలున్న ఊరి జనాభా 1960 నాటికే 16.7 లక్షలకి దిగింది. 1967లో తగలబడటానికి పదేళ్ళ ముందే ఆ అంగడి నెత్తురు కారడం మొదలైంది. ఆ గాయం చేసిన కత్తి మీద కంపెనీ వేలిముద్రలే ఉన్నాయి.

వెబర్‌ది తప్పు నిర్ణయమా? హడ్సన్స్ వెళ్ళకపోతే మరొకరు వెళ్ళేవారు. ఆ మాట కాదనలేం. చుక్కలు చూపించే నష్టంతో నడిబొడ్డున భీష్మించుకు కూచుంటే డౌన్‌టౌన్ అంగడి మరో అయిదేళ్ళు బతికేదేమో. నా అభ్యంతరం వేరే చోట ఉంది. శివారులో అంగళ్ళు కట్టడానికి చూపిన తెలివిలో, ఖర్చులో పదోవంతు నడిబొడ్డున మిగిలిన ఊరిమీద పెట్టలేదు. 1950ల డెట్రాయిట్‌లో లక్షలాది కొత్త గిరాకీ లిఫ్టు ఎక్కి దిగుతూనే ఉంది. వాళ్ళకి కౌంటరు వెనక చోటు ఆలస్యంగా, పిసరు పిసరుగా ఇచ్చారు. వెళ్ళిపోయేవాళ్ళ వెంట పరుగెత్తిన అంగడి, ఉండిపోయేవాళ్ళని తన వాళ్ళుగా చేసుకోవడం మరిచింది.

జోసెఫ్ హడ్సన్ జూనియర్ 1961లో ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో అధ్యక్షుడయ్యాడు. మొదటి హడ్సన్‌కి అన్నదమ్ముల వంశం. అల్లర్ల తర్వాత ఊరిని బాగు చేయడానికి ఏర్పడిన న్యూ డెట్రాయిట్ కమిటీకి ఆయనే మొదటి అధ్యక్షుడు. నల్లజాతి నాయకుల్ని, కార్ల కంపెనీల పెద్దల్ని ఒకే బల్ల దగ్గర కూచోబెట్టిన మనిషి. ఆయన ప్రయత్నాన్ని తక్కువ చెయ్యను, కానీ అప్పటికి చేతిలో మిగిలింది తక్కువ. 1969లో కంపెనీ మినియాపొలిస్‌లోని డేటన్స్‌తో కలిసిపోయింది. పేరు డేటన్-హడ్సన్ కార్పొరేషన్. పెత్తనం మినియాపొలిస్‌ది.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. పై అంతస్తులు ఒక్కోటీ మూసుకుంటూ వచ్చారు. ఎదుటి పోటీదారు క్రౌలీస్ 1977లో డౌన్‌టౌన్ అంగడి మూసేసింది. 1979లో ఊరేగింపు బాధ్యత హడ్సన్స్ వదిలేసుకుంది. 1983 జనవరి 17న డౌన్‌టౌన్ అంగడి తలుపులు మూశారు. చివరి రోజుల్లో సలాడ్ తినడానికి, గిన్నో గ్లాసో జ్ఞాపకంగా కొనుక్కోవడానికి జనం వరసకట్టారు. ఆ జనంలో పదోవంతు ప్రతినెలా వచ్చి ఉంటే మూతపడేది కాదని కొందరు నిట్టూర్చారు. అంత తేలిక లెక్క కాదనుకోండి.

ఖాళీ భవనం పదిహేనేళ్ళు అలాగే నిలబడింది. రాగి తీగలు, ఇత్తడి పిడులు, పాలరాయి పలకలు దొంగల పాలయ్యాయి. 1998 అక్టోబరు 24, శనివారం సాయంత్రం, మేయర్ డెనిస్ ఆర్చర్ హయాంలో, 2,728 పౌండ్ల పేలుడు మందు పెట్టి కూల్చేశారు. పేల్చి కూల్చిన భవనాల్లో అప్పటికి ప్రపంచంలో అదే ఎత్తైనది. అరనిమిషంలో పని అయిపోయింది. లేచిన దుమ్ము ఒక మేఘమై, చూడటానికి వచ్చిన వేలమందినీ, వాళ్ళ కార్లనీ, చుట్టూ నాలుగు వీధుల్నీ కప్పేసింది. శిథిలాలు పడి పక్కనే ఉన్న పీపుల్ మూవర్ రైలు పట్టా దెబ్బతింది. ఊరు బాగు చేసేందుకు ఖాళీ చేసిన చోటు కింద కార్ల పార్కింగు కట్టి, పైన దాదాపు ఇరవై ఏళ్ళు ఏమీ కట్టలేదు.

మనవాళ్ళకి ఈ కథతో చుట్టరికం ఆ శివారు వైపు నుంచే. 1965 వలస చట్టం తర్వాత ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ ఆఫీసులకీ, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలకీ వచ్చిన తెలుగు ఇంజనీర్లు ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, క్యాంటన్‌లలో ఇళ్ళు కొనుక్కున్నారు. నోవైలో ట్వెల్వ్ ఓక్స్ మాల్ 1977లో తెరిస్తే అందులో హడ్సన్స్ ఒక పెద్ద అంగడి. చలికోటు కొన్నా, ఇంటికి దుప్పట్లు కొన్నా అక్కడే. అందువల్ల వాళ్ళలో చాలామందికి హడ్సన్స్ అంటే మాల్‌లో ఒక చివరి కొట్టు. ఆ పేరు మీద నగరం నడిబొడ్డున 25 అంతస్తులు ఉండేవంటే పిల్లలే కాదు, పెద్దలూ నమ్మలేరు. 2015లో తానా మహాసభలు డెట్రాయిట్ కోబో సెంటర్‌లో జరిగాయి. అక్కడినుంచి హడ్సన్స్ ఉన్న చోటికి నడిచి వెళ్ళిరావచ్చు. అప్పుడక్కడ చూడటానికి ఏమీ లేదు. 2017 డిసెంబరులో వ్యాపారి డాన్ గిల్బర్ట్ కంపెనీ అదే చోట కొత్త భవనాలకి పునాది తవ్వింది. గోపురం ఎత్తు 681 అడుగులు, పాతదానికంటే చాలా ఎక్కువ. పేరు 'హడ్సన్స్ డెట్రాయిట్'. తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మారుస్తున్నట్టు 2024లో జనరల్ మోటార్స్ ప్రకటించింది. ఆ పేరున్న చోటుకి చివరికి కిరాయిదారుగా కార్ల కంపెనీయే వచ్చింది.

డేటన్-హడ్సన్‌కి డేటన్స్ తరఫున వచ్చిన చౌకధరల అంగళ్ళ వరస ఒకటుంది. మొదటిది 1962లో మినెసోటాలోని రోజ్‌విల్‌లో పెట్టారు. దాని పేరు టార్గెట్. 1970ల మధ్యకల్లా కంపెనీ రాబడిలో పెద్ద వాటా దానిదే. 2000లో కంపెనీ మొత్తం పేరే టార్గెట్ కార్పొరేషన్ అయింది. మరుసటి ఏడు హడ్సన్స్ బోర్డులు తీసేసి మార్షల్ ఫీల్డ్స్ అని పెట్టారు. 2006లో అవీ పోయి మేసీస్ అయ్యాయి. నార్త్‌ల్యాండ్ మాల్ 2015లో మూతపడింది. బెంగళూరులో 2005 నుంచి టార్గెట్ పెద్ద ఆఫీసు నడుపుతోంది. అక్కడ సరుకుల లెక్కలూ, వెబ్‌సైటూ, సప్లై సాఫ్ట్‌వేరూ చూసుకునే ఇంజనీర్లలో తెలుగువాళ్ళకి లోటు లేదు. వాళ్ళ కంపెనీ పాత పేరులో సగం ఎవరిదో ఈ వ్యాసం చూశాకైనా కొందరికి తెలుస్తుంది.

(వచ్చే భాగం: మద్రాసు మౌంట్ రోడ్డు మీద స్పెన్సర్స్)